నిమిషానికి 1440 విప్లవాలు: ఒక యూనిట్ కన్వర్టర్ యాప్‌తో ఆరు నెలలు

ఐదుకి మూడు స్టార్లు. నాలుగిద్దామనే కూర్చున్నా గానీ రాస్తుండగానే ఒకటి ఎగిరిపోయింది, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను తిట్టబోయేవాటిల్లో సగం నా తప్పులే, పైగా ఈ కన్వర్టర్లన్నీ ఒక తానులో ముక్కలే, ఒకదాని గురించి చెప్తే మిగతావాటికీ సరిపోతుంది.

ముందు నా గోల చెప్తా. నేను చిన్న సైజు మోటార్లని టెస్ట్ బెంచ్ మీద బిగించి లోడ్ పెట్టి చూసే పనిలో ఉంటా. టాకోమీటరేమో (తిరిగే వేగం కొలిచేది) ఎప్పుడూ ఆర్పీఎంలోనే, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో చూపిస్తుంది, పవర్ వాట్లలో రావాలంటే మాత్రం తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ని రేడియన్ పర్ సెకండ్‌తో గుణించాలి (రేడియన్ కూడా డిగ్రీలాగే కోణం కొలతే, ఒక చుట్టుకి 6.28), అంటే రోజుకి ఓ ముప్పై నలభై సార్లు ఆర్పీఎంని రేడియన్లలోకి మార్చుకుంటూ కూర్చోవాలి. ఇంటికొచ్చాక రెండు చక్రాల మీద నిటారుగా నిలబడే బుల్లి రోబో ఒకటి కడుతున్నా, దాని జైరో సెన్సారేమో (ఎంత వేగంగా ఒరుగుతోందో కొలిచేది) డిగ్రీ పర్ సెకండ్ అంటుంది. తిరిగే వస్తువు ఒక్కటే, దానికి పొద్దున ఒక పేరు, సాయంత్రం ఇంకో పేరు. కాలిక్యులేటర్లో ప్రతిసారీ రెండు ఇంటూ 3.14159 బై అరవై కొట్టీ కొట్టీ విసుగొచ్చి ఈ యాప్ దించుకున్నా.

నా ఫోన్ తెలుగులో ఉంటుంది కాబట్టి యాప్ కూడా ఓపెన్ అవ్వగానే తెలుగులోకి మారిపోయింది. అబ్బో అనుకున్నా. కోణీయ వేగం అనే విభాగం నొక్కితే మొట్టమొదటి లైను "నిమిషానికి విప్లవాలు". ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత బుర్ర వెలిగింది, రివల్యూషన్ అంట, చుట్టు అనాల్సినచోట! దాని కిందది ఇంకా ఘోరం, "రేడియన్ ప్రతి రెండవ". సెకండ్‌ని పట్టుకుని రెండవ చేసేశారు. ఇంకా కిందకి పోతే "మిల్లు ప్రతి రెండవ" అని ఉంది, అది పిండి మిల్లు కాదు నాయనా, కోణాన్ని కొలిచే మిల్. నవ్వుకుని స్క్రీన్‌షాట్ తీసి మా వాళ్లకి పంపా, అప్పటికి అదొక జోకే.

సరే, పేర్లు పక్కన పెట్టి లెక్క సంగతి చూద్దామని నేను ఏ కన్వర్టర్ మీదైనా చేసే టెస్ట్ చేశా. మీరూ చేయండి, అర నిమిషం కూడా పట్టదు. ఆర్పీఎం గడిలో పది లక్షలు కొట్టండి. రేడియన్ పర్ సెకండ్‌లో 104719.755 వస్తే యాప్ లోపల పై (π, అంటే 3.14159...) విలువ పూర్తిగా వాడుతున్నట్టు. 104666.67 వస్తే ఎవరో 3.14 పెట్టి చేతులు దులుపుకున్నట్టు. 104761.9 వచ్చిందంటే పాపం 22 బై 7 దగ్గరే ఆగిపోయారు. సరిగ్గా 104700 వస్తే పై దాకా కూడా పోలేదు, ఎక్కడో టేబుల్లో 0.1047 అని చూసి దించేశారన్నమాట. చిన్న అంకెల దగ్గర ఈ తేడాలు కంటికి కనపడవు, అంకె పెద్దదైతే దాక్కోలేవు. ఇది 104719.755 అనే చూపించింది, తర్వాతి అంకె కూడా సరిగ్గానే ఉంది. తిప్పి కొట్టినా మళ్ళీ పది లక్షలే వచ్చింది. లెక్క విషయంలో నూటికి నూరు.

నచ్చిన ఇంకో విషయం, మనం ఒక యూనిట్లో అంకె కొడితే మిగతావన్నీ కింద వరసగా ఒకేసారి కనపడతాయి. ఎక్కణ్నుంచి ఎక్కడికి అని రెండు సార్లు ఎంచుకునే పని లేదు. 7200 ఆర్పీఎం కొడితే, అంటే మన కంప్యూటర్ హార్డ్ డిస్కు తిరిగే స్పీడు, సెకనుకి 120 చుట్లు, 43200 డిగ్రీలు, 753.98 రేడియన్లు అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుంటాయి. సెకనుకి 120 చుట్లంటే ఒక చుట్టుకి 8.33 మిల్లీసెకన్లు, కావాల్సిన డేటా హెడ్ (చదివే భాగం) కిందకి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి కాబట్టి 4.17 మిల్లీసెకన్లు, డిస్కుల స్పెసిఫికేషన్లో కనపడే ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు ఈ లిస్టు చూస్తుంటేనే తట్టింది. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, బరువు లేదు, హ్యాంగ్ అవ్వదు. ఇంతవరకూ నాలుగు స్టార్లు.

ఇప్పుడు గొడవ. అన్నీ ఒకేసారి కనపడటమే వరం అన్నాను కదా, శాపం కూడా అదే. ఓ రోజు బెంచ్ మీద ఫోర్ పోల్ (నాలుగు అయస్కాంత ధ్రువాల) మోటార్ ఒకటి, 50 హెర్ట్జ్ సప్లై, అంటే ఖాళీగా 1500కి దగ్గర్లో తిరగాల్సింది లోడ్ పడేసరికి 1440కి దిగింది, మామూలే, స్లిప్ (1500 కన్నా వెనకబడటం) నాలుగు శాతం. టార్క్ 0.8 న్యూటన్ మీటర్. యాప్‌లో 1440 కొట్టా, రేడియన్ లైనులో 150.80 ఉంది, దాన్ని నొక్కి పట్టుకుంటే కాపీ అవుతుంది. అది నొక్కబోతుంటే సరిగ్గా అదే టైముకి కింద యాడ్ బ్యానర్ లోడయ్యి లిస్టు మొత్తం ఒక గడి పైకి జరిగింది. నా బొటనవేలు డిగ్రీ లైను మీద పడింది, 8640 కాపీ అయింది, షీటులో పేస్ట్ చేశా, అది బుద్ధిగా 0.8తో గుణించి 6912 వాట్లు అంది. నేనూ బుద్ధిగా కింద సంతకం పెట్టి పంపేశా. మా సీనియర్ ఆ కాగితం పట్టుకుని వచ్చి ఏమీ అనకుండా మోటార్‌ని ఒంటి చేత్తో ఎత్తి చూపించి "ఇది ఏడు కిలోవాట్లు ఇస్తుందా బాబూ" అన్నారు. అసలు జవాబు 120.6 వాట్లు. యాభై ఏడు రెట్లు తప్పు. తప్పు ఎంత పెద్దదైతే అంత త్వరగా దొరుకుతుంది కాబట్టి బతికిపోయా, ఒక ఐదు శాతం తేడా అయ్యుంటే ఆ కాగితం అలాగే ఫైల్లోకి వెళ్ళిపోయేది.

నా తప్పే, కాదనను. కానీ కాపీ చేసినప్పుడు అంకెతో పాటు యూనిట్ కూడా కాపీ అయ్యుంటే? "8640 డిగ్రీ/సె" అని షీటులో పడితే షీటే మొండికేసేది, నాకూ కంట్లో పడేది. సెట్టింగ్స్ అంతా వెతికా, ఆ ఆప్షన్ లేదు. థీమ్ రంగులు మాత్రం పద్నాలుగు రకాలున్నాయి.

ఆ దెబ్బతో, ఈ వింత పేర్ల మధ్య తడబడటం కూడా ఎందుకు, తెలుగు వద్దురా బాబూ అని యాప్ భాష ఇంగ్లీషుకి మార్చా. ఇక్కడ ఇంకో గొయ్యి. ఇంగ్లీషులో పూర్తి పేర్లు తీసేసి పొట్టి పేర్లు మాత్రమే చూపిస్తుంది, అందులో ఒకటి ఆర్పీఎస్. అది రివల్యూషన్ పర్ సెకండా, రేడియన్ పర్ సెకండా? రెండింటికీ అవే మూడక్షరాలు, మధ్యలో తేడా 6.28 రెట్లు. అనుమానం వస్తే ఒక చిట్కా, ఆ గడిలో ఒకటి కొట్టి ఆర్పీఎం ఎంతొచ్చిందో చూడండి. 60 వస్తే చుట్లు, 9.55 వస్తే రేడియన్లు. ఇందులో 60 వచ్చింది. మిల్ సంగతీ అంతే, ఒక చుట్టుకి 6400 అనేది నాటో లెక్క, 6000 అనేది సోవియట్ లెక్క, అసలు మిల్లీరేడియన్లయితే 6283 చిల్లర, ఏది వాడారో యాప్ చెప్పదు, మనమే సెకనుకి ఒక చుట్టు కొట్టి చూసుకోవాలి. 6400 వచ్చింది. నాకు మిల్ తో ఈ జన్మలో పని పడదు గానీ పడేవాళ్లుంటారుగా. అన్నట్టు ఈ సంగతిలో తెలుగు వెర్షనే నయం, విప్లవాలు అన్నా సరే అది చుట్టు అని తెలిసిపోతుంది. మళ్ళీ తెలుగుకే వచ్చేశా.

హెర్ట్జ్ గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఈ యాప్ మిగతావాటి కంటే నయం అనిపించింది ఇక్కడే. దీనికి ముందు నేను వాడిన ఇంకో కన్వర్టర్లో 60 ఆర్పీఎం కొట్టి హెర్ట్జ్ అడిగితే 6.28 అని చెప్పింది. నిమిషానికి అరవై చుట్లంటే సెకనుకి ఒక చుట్టు, అంటే ఒక హెర్ట్జ్, ఇందులో ఆలోచించడానికేముంది? కానీ అది ఎందుకలా అందో ఆలోచిస్తే భలే ఉంటుంది. రేడియన్ అంటే వృత్తం అంచు మీద నడిచిన దూరాన్ని వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది, మీటర్లని మీటర్లతో భాగించాక ఇంకేం మిగులుతుంది, ఒట్టి అంకె. ఎస్ఐ అనే అంతర్జాతీయ కొలతల పద్ధతిలో కూడా దీన్ని ఎక్కడ పెట్టాలో తెలీక చాలాకాలం సప్లిమెంటరీ యూనిట్ అని పక్కన కూర్చోబెట్టారు, 1995లో తూనికలు కొలతల జనరల్ కాన్ఫరెన్స్ ఆ తరగతినే ఎత్తేసి డిరైవ్డ్ యూనిట్లలో (వేరే యూనిట్ల నుంచి పుట్టినవాటిలో) కలిపేసింది. సో ఆ ప్రోగ్రామ్ రాసినాయన రేడియన్ అంటే ఒకటి అనేసుకున్నాడు, అప్పుడు రేడియన్ పర్ సెకండ్ కాస్తా ఒకటి బై సెకండ్ అయింది, హెర్ట్జ్ కూడా ఒకటి బై సెకండే, రెండూ ఒకటే అనుకుంది మెషిన్. కొలతల ప్రకారం చూస్తే దానిది తప్పని కూడా గట్టిగా తిట్టలేం, కానీ జవాబు మాత్రం ఆరు రెట్లు ఎక్కువ.

ఈ యాప్ 60 ఆర్పీఎంకి 1 హెర్ట్జ్ అనే చెప్తుంది, 6.28 రేడియన్ పర్ సెకండ్ అని పక్కన వేరే లైను. శెభాష్. అయినా ఇందులో ఒక కిటుకుంది, అది యాప్ తప్పు కాదు గానీ కొత్తవాళ్లు పడిపోతారు. మా దగ్గర చేరిన ఒక కుర్రాడు సప్లై 50 హెర్ట్జ్ కదా అని యాప్‌లో 50 హెర్ట్జ్ కొట్టి 3000 ఆర్పీఎం చూసి, మోటార్ సగం స్పీడే తిరుగుతోందన్నా, వైండింగ్ పోయినట్టుంది అని పరిగెత్తుకొచ్చాడు. కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగుతుంది నిజమే, కానీ షాఫ్ట్ అన్ని చుట్లు తిరగదు, ఎన్ని పోల్స్ ఉన్నాయో దాన్నిబట్టి తగ్గుతుంది. 120ని ఫ్రీక్వెన్సీతో గుణించి పోల్స్‌తో భాగిస్తే ఫోర్ పోల్‌కి 1500. కరెంటు హెర్ట్జ్ వేరు, షాఫ్ట్ హెర్ట్జ్ వేరురా అని కూర్చోబెట్టి చెప్పాల్సొచ్చింది. ఆ గడి పక్కన ఒక చిన్న నోట్ పెడితే ఏం పోయింది వీళ్ళకి.

ఇక రోబో కథ. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, ఎందుకంటే మూడు వారాంతాలు పోయాయి. నేను వాడేది ఎంపీయూ 6050 జైరో, తక్కువ రేంజిలో పెడితే డిగ్రీ పర్ సెకండ్‌కి 131 చొప్పున అంకె ఇస్తుంది, అంటే సెన్సార్ 1310 అందంటే రోబో సెకనుకి పది డిగ్రీల చొప్పున ఒరుగుతోందని అర్థం. ఇంకోపక్క ఆక్సెలరోమీటర్ నుంచి వంపు కోణం తీసే ఫంక్షన్, ఆర్క్ టాన్, అది రేడియన్లలో ఇస్తుంది, ప్రోగ్రామింగ్ భాషల్లో ఎక్కువ భాగం అంతే. రెండూ కలిపి కోణం తేల్చేచోట నేను డిగ్రీలని తీసుకెళ్ళి రేడియన్లకి కూడేశా. చూడండి ఏమవుతుందో, లూప్ సెకనుకి వంద సార్లు తిరుగుతుంది, పది డిగ్రీలని 0.01 సెకనుతో గుణిస్తే 0.1, అది 0.1 డిగ్రీ, వెంట్రుకవాసి వంపు. కోడ్ మాత్రం దాన్ని 0.1 రేడియన్ అనుకుంది, అంటే 5.7 డిగ్రీలు, అమ్మో పడిపోతున్నా అని మోటార్లని ఫుల్లుగా వెనక్కి తిప్పింది, తర్వాతి సారి ముందుకి, మళ్ళీ వెనక్కి, రోబో పూనకం వచ్చినట్టు ఊగిపోయి టేబుల్ మీద నుంచి దూకేసింది. నేనేమో గెయిన్లు (ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకెలు) మార్చి, బ్యాటరీ మార్చి, చివరికి చక్రాలు కూడా మార్చి చూశా. ఓ రాత్రి ఊరికే యాప్‌లో డిగ్రీ పర్ సెకండ్ గడిలో 10 కొట్టి చూస్తుంటే కింద 0.1745 రేడియన్ అని కనపడింది, నా డీబగ్ స్క్రీన్ మీదేమో 10 అనే ఉంది. అప్పుడు పట్టుకున్నా. ఈ ఒక్క విషయానికి యాప్‌కి దండం పెట్టాలి. ఫోన్‌లో ఉన్న జైరోతో ఆడుకునేవాళ్లకి ఒక మాట, ఆండ్రాయిడ్ మీకు రేడియన్ పర్ సెకండ్‌లోనే ఇస్తుంది, విడిగా కొన్న సెన్సార్ బోర్డుల డేటాషీట్లు డిగ్రీల్లో మాట్లాడతాయి, ఒకదాని కోడ్ ఇంకోదానికి కాపీ కొడితే నా రోబోలాగే అవుతుంది.

ఇప్పుడు ఆ నాలుగో స్టార్ ఎందుకు పోయిందో చెప్తా. నెమ్మదిగా తిరిగేవాటి దగ్గర ఈ యాప్ చేతులెత్తేస్తుంది. భూమి కంటే తెలిసిన తిరిగే వస్తువు ఇంకేముంది, రోజుకి ఒక చుట్టు అనుకుంటే ఆర్పీఎంలో 0.000694. కొడితే రేడియన్ లైనులో 0.0001 అని వచ్చింది. అసలు రావాల్సింది 0.0000727. నాలుగు డెసిమల్స్‌కి రౌండ్ చేసి చూపించడంతో ఏకంగా 37 శాతం ఎక్కువ చూపించింది, అదీ ఎలాంటి హెచ్చరికా లేకుండా, నిబ్బరంగా. గడియారం గంటల ముల్లు పెడితే 0.000145 రావాల్సింది పోయి అదీ 0.0001 అంది, అంటే ఈ యాప్ లెక్కన భూమీ గంటల ముల్లూ ఒకే స్పీడులో తిరుగుతున్నాయి! ముల్లు రోజుకి రెండు చుట్లు కొడుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. సెట్టింగ్స్‌లో బాగా లోపలికి పోతే సైంటిఫిక్ అని ఒక స్విచ్ ఉంది, అది వేస్తే సరిగ్గా చూపిస్తుంది, కానీ అప్పుడు 1440 కూడా 1.44 ఇంటూ పది టు ది పవర్ మూడు అయి కూర్చుంటుంది. ఉంటే అతివృష్టి లేకపోతే అనావృష్టి. డెసిమల్స్ లెక్కన కాకుండా ముఖ్యమైన అంకెలు ఆరు చూపించు అనే మామూలు పద్ధతి పెడితే ఈ తలనొప్పే లేదు.

పైగా డిగ్రీ పర్ అవర్ అనే యూనిటే లేదు. మిల్లు ఉంది, ఇది లేదు! టెలిస్కోప్‌ని నక్షత్రాల వెంట తిప్పేవాళ్లకి కావాల్సింది ఇదే, మంచి జైరోల డ్రిఫ్ట్ (కదలకపోయినా మెల్లగా పేరుకునే తప్పు) రాసేదీ ఇందులోనే. భూమి నక్షత్రాల లెక్కన ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది, అంటే గంటకి 15.041 డిగ్రీలు. గుండుగుత్తగా 15 అనుకుని మౌంట్ (టెలిస్కోప్ స్టాండు) తిప్పితే గంట గడిచేసరికి 0.041 డిగ్రీ, అంటే దాదాపు రెండున్నర ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం) వెనకపడతాం, ఫోటోలో చుక్క కాస్తా గీత అవుతుంది. అలాంటి తేడాని 0.0001 చూపించే యాప్ ఏం పట్టుకుంటుంది. భిన్నాలు కూడా తీసుకోదు, గ్రామఫోన్ రికార్డు 33 ఒకటి బై మూడు ఆర్పీఎం, అది సరిగ్గా సెకనుకి 200 డిగ్రీలు, ఎంత ముచ్చటైన అంకె, కానీ మనం 33.33 అనే కొట్టాలి కాబట్టి 199.98 అని ముక్కు విరుస్తుంది.

యాప్ వాడినా వాడకపోయినా ఒకటి అలవాటు చేసుకోండి. ఆర్పీఎంని పదితో భాగించి, వచ్చినదానికి ఐదు శాతం కలపండి, రేడియన్ పర్ సెకండ్ వచ్చేస్తుంది. 1440 అయితే 144, దానికి ఏడు కలిపితే 151, అసలుది 150.8. డిగ్రీలయితే ఇంకా తేలిక, ఆరుతో గుణించడమే, సెకన్ల ముల్లు ఒక ఆర్పీఎం కదా, సెకనుకి ఆరు డిగ్రీలు జరుగుతుంది, అలా గుర్తుపెట్టుకోండి. ఈ రెండూ నోటికొచ్చి ఉంటే ఆ రోజు 8640 చూడగానే నా చెయ్యి ఆగేది. ఇప్పుడు యాప్‌లో చూసే ముందు మనసులో ఒక అంకె అనుకుని తర్వాతే చూస్తున్నా.

డెవలపర్ గారు చదువుతుంటే నా అర్జీ ఇదీ. కాపీ చేస్తే యూనిట్ కూడా రానివ్వండి, ఆ యాడ్ బ్యానర్‌కి ముందే చోటు వదిలేయండి లిస్టు ఎగరకుండా, డిగ్రీ పర్ అవర్ కలపండి, రౌండింగ్ సంగతి చూడండి. చివరి రెండూ చేసిన రోజు నాలుగో స్టార్ ఇచ్చేస్తా. "రెండవ" తీసేసి "సెకను" అని పెట్టండి, "మిల్లు" మీ ఇష్టం. ఆ విప్లవాలని మాత్రం ముట్టుకోకండి దయచేసి, మా బెంచ్ దగ్గర టాకోమీటర్ పట్టుకున్నవాణ్ణి ఇప్పుడు ఎవరూ ఆర్పీఎం ఎంత అని అడగట్లేదు, "ఎన్ని విప్లవాలొచ్చాయిరా" అనే అడుగుతున్నారు, మొన్న మా సీనియర్ కూడా అలాగే అడిగారు.